నెల్లాళ్ళ ప్రభుత్వం: ఫిజీలో 1987

ఫిజీ అనగానే మనవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేవి నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, హనీమూన్ పాకేజీ. కాస్త ఆటల పిచ్చి ఉన్నవాళ్ళయితే రగ్బీ అంటారు, గోల్ఫ్ ఆడే విజయ్ సింగ్ అంటారు. నా మటుకు నాకు ఫిజీ అంటే 1987. మొత్తం జనాభా అప్పటికి ఏడు లక్షల చిల్లర. అంటే హైదరాబాదులో రెండు మూడు అసెంబ్లీ నియోజకవర్గాల జనం. అంత చిన్న దేశంలో ఒక్క ఏడాదిలో ఒక ఎన్నిక, రెండు సైనిక కుట్రలు, ఒక విమానం హైజాక్, బ్రిటిష్ రాణిగారికి అక్కడ పదవి పోవటం, కామన్వెల్త్ నుంచి బయటపడటం అన్నీ అయిపోయాయి. అందులో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, చెరకు పొలాల్లోనూ, మంత్రివర్గంలోనూ.

నేనుండేది వెంగళరావు నగర్‌లో. ఒక పక్క అమీర్‌పేట, ఇంకో పక్క యూసఫ్‌గూడ, అది దాటితే సినిమావాళ్ళ జూబ్లీహిల్స్. మా కాలనీకి పేరొచ్చింది జలగం వెంగళరావు గారి వల్ల. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. రెండోవి 1981లో మలేషియాలో, మూడోవి 1990లో మారిషస్‌లో. అంటే కూలీలుగా వెళ్ళిన పాత తెలుగువాళ్ళున్న చోట్లకి సభలు వెళ్ళాయన్నమాట. ఫిజీకి మాత్రం వెళ్ళలేదు. 1990లో వెళదామన్నా కుదిరేది కాదు లెండి, ఆ ఏడాదే సువాలో మన రాయబార కార్యాలయాన్ని అక్కడి ప్రభుత్వం మూయించేసింది. అదీ 1987 పుణ్యమే.

మా కాలనీలో ఏ అపార్టుమెంటులో చూసినా రెండు మూడు ఫ్లాట్లలో అమ్మానాన్నలు మాత్రమే ఉంటారు. పిల్లలు డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో. వలస గురించి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం మాట్లాడుకునేటప్పుడు 'సైబర్ కూలీ' అనే మాట తరచూ దొర్లుతుంది, ఏదో గొప్ప పోలిక చెప్పినట్టు. నాకా పోలిక అసలు నచ్చదు. ఐదేళ్ళ పాటు చెరకు తోటలో ఓవర్సీరు దెబ్బలు తిన్నవాడికీ, ఏసీ గదిలో ప్రొడక్షన్ ఇష్యూ కోసం రాత్రంతా మేలుకున్నవాడికీ పోలికేంటండీ? పోల్చాలనుకుంటే ఓడ ఎక్కిన తాతని కాదు, మూడో తరాన్నీ నాలుగో తరాన్నీ చూడాలి. అక్కడే పుట్టి, అక్కడే చదివి, ఓటు హక్కు ఉండి, ఆ ఓటుతో ఎన్నిక గెలిచిన తరాన్ని. అప్పుడేమవుతుంది అన్నదానికి ఫిజీ 1987 కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలిసి ఇంకోటి లేదు.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1879 మే 14న 'లియోనిడాస్' అనే ఓడ కలకత్తా నుంచి మొదటి భారతీయ కూలీలని ఫిజీకి తెచ్చింది. అప్పటినుంచి 1916 దాకా అరవై వేల మందికి పైగా వెళ్ళారు. ఐదేళ్ళ ఒప్పందం. 'అగ్రిమెంట్' అన్న మాట నోరు తిరక్క 'గిర్మిట్' అయ్యింది, అలా వెళ్ళినవాళ్ళు 'గిర్మిటియా'లయ్యారు. రోజు కూలీ మగవాళ్ళకి ఒక షిల్లింగు, ఆడవాళ్ళకి తొమ్మిది పెన్నీలు, అదీ చెప్పిన పని మొత్తం పూర్తిచేస్తేనే. ఇంకో ఐదేళ్ళు, అంటే మొత్తం పదేళ్ళు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. పంచదార మిల్లులు, తోటలు చాలామటుకు ఆస్ట్రేలియాకి చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవి.

మద్రాసు నుంచి ఓడలు మొదలయింది ఆలస్యంగా, 1903లో. దక్షిణాది నుంచి వెళ్ళినవాళ్ళు దాదాపు 15 వేలు. వాళ్ళలో తమిళులు, మలయాళీలతో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల వాళ్ళున్నారు. ఒక్కొక్కరికీ ఒక పాస్ రాసేవాళ్ళు: పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలు. మన వీసా ఫారాల కన్నా పెద్ద తేడా ఏం లేదు, పుట్టుమచ్చల బదులు వేలిముద్రలు వచ్చాయంతే. గుమాస్తా చెవికి ఎలా వినపడితే పేరు అలా పడేది, ఆ పేరే తరతరాలకీ ఇంటిపేరు.

అక్కడికి చేరాక వీళ్ళందరూ ఉత్తరాదివాళ్ళకి 'మద్రాసీ'లే. తోటల్లో అందరికీ కలిసిన భాష ఒక రకం హిందీ. భోజ్‌పురి, అవధీలు కలిసి తయారైన ఫిజీ హిందీ. తెలుగు ఇంటికి పరిమితమై, మెల్లిగా ఇంట్లో కూడా వెనక గదికి వెళ్ళిపోయింది. 1926లో సాధు కుప్పుస్వామి నాదిలో 'దెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘం' పెట్టారు. దక్షిణాది వాళ్ళందరికీ ఒకే సంఘం, బళ్ళు కట్టించారు. అయితే అందులో తమిళానిదే పైచెయ్యి అని తెలుగువాళ్ళకి అనిపించింది. 1941లో 'దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం' అని వేరు కుంపటి పెట్టుకున్నారు. మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది 1953లో. మనకన్నా పన్నెండేళ్ళ ముందే పసిఫిక్ మధ్యలో మనవాళ్ళు విడిపోయారు :) ఎంత దూరం వెళ్ళినా కొన్ని అలవాట్లు పోవు. నవ్వులాట పక్కన పెడితే, ఆ సంఘం కట్టించిన బళ్ళ దగ్గర వాళ్ళకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. ప్రభుత్వం ఇండియన్ పిల్లల చదువు పట్టించుకోని రోజుల్లో చెరకు రైతులు చందాలేసుకుని కట్టుకున్న బళ్ళవి.

ఇప్పుడు రెండో వైపు. ఇది చెప్పకపోతే కథ మనకి అనుకూలంగా మాత్రమే ఉంటుంది.

1987 నాటికి ఫిజీ నేలలో దాదాపు 83 శాతం స్థానిక ఫిజియన్ల వంశాలదే. అమ్మటానికి లేదు, కొనటానికి లేదు. బ్రిటిష్ గవర్నర్ ఆర్థర్ గోర్డన్ కాలం నుంచీ అదే పద్ధతి. స్థానికుల భూమి పోకూడదు, వాళ్ళని తోటల్లో కూలికి పెట్టకూడదు అన్నాడాయన. అందుకే కూలీలని ఇండియా నుంచి తెప్పించారు. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ స్థానికుల గతి ఏమయిందో తెలిసినవాళ్ళెవరూ ఆ రక్షణ తప్పు అనలేరు. కానీ ఫలితం ఏంటంటే, ఇండియన్ రైతు నాలుగు తరాలుగా దున్నుతున్న పొలం కౌలు పొలమే. గడువు అయిపోతే ఇల్లు విప్పుకుని వెళ్ళాల్సిందే. ఇంకోటి సైన్యం. రెండో ప్రపంచ యుద్ధంలో స్థానికులు ఎగబడి సైన్యంలో చేరారు. ఇండియన్లు తెల్లవాళ్ళతో సమానంగా జీతం ఇస్తేనే చేరతామన్నారు, అదే సమయంలో 1943లో చెరకు సమ్మె కూడా చేశారు. అడిగింది న్యాయమే. అయినా 'దేశానికి అవసరమైనప్పుడు రాలేదు' అన్న మాట తరతరాలు నిలిచిపోయింది. సైన్యం దాదాపు పూర్తిగా స్థానికులదే అయిపోయింది. 1946 నాటికే ఇండియన్ల జనాభా స్థానికుల్ని దాటింది. ఒకరి చేతిలో భూమి, తుపాకి. ఇంకొకరి చేతిలో చెరకు, దుకాణం, తలల లెక్క.

1970 అక్టోబర్ 10న స్వాతంత్ర్యం వచ్చింది. పార్లమెంటులో 52 సీట్లు: స్థానికులకి 22, ఇండియన్లకి 22, మిగతావాళ్ళకి 8. పదిహేడేళ్ళు అలయన్స్ పార్టీ రాతూ సర్ కమిసేసె మారాయే ప్రధానమంత్రి. 1977లో ఒకసారి ఇండియన్ల పార్టీ అయిన నేషనల్ ఫెడరేషన్ పార్టీకి అందరికన్నా ఎక్కువ సీట్లు వచ్చాయి. 'మనలో ప్రధాని ఎవరు' అని వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటుండగా నాలుగు రోజులు గడిచాయి, గవర్నర్ జనరల్ మళ్ళీ మారానే పిలిచాడు. దీని గురించి నేను వ్యాఖ్యానించను, మన రాజకీయాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

1985లో లేబర్ పార్టీ పుట్టింది. నాయకుడు డాక్టర్ తిమోసి బవాద్ర. స్థానిక ఫిజియనే, పడమటి వైపు విసెయిసెయి ఊరివాడు. వైద్యుడు, యూనియన్ మనిషి. జాతిని కాదు, జీతాన్ని బట్టి రాజకీయం చేద్దాం అన్నది వాళ్ళ ఆలోచన. నేషనల్ ఫెడరేషన్ పార్టీతో పొత్తు పెట్టుకుని 1987 ఏప్రిల్ ఎన్నికల్లో 28-24తో గెలిచారు. ఆ 28లో 19 మంది ఇండియన్లు, ఏడుగురు స్థానికులు, ఇద్దరు ఇతరులు. ఏప్రిల్ 13న బవాద్ర ప్రధానిగా ప్రమాణం చేశాడు.

ఆ మంత్రివర్గంలో అటార్నీ జనరల్ పేరు జైరామ్ రెడ్డి. లౌతోకాలో పుట్టిన తెలుగు కుటుంబం మనిషి, న్యూజిలాండ్‌లో లా చదివాడు. అంతకుముందు నేషనల్ ఫెడరేషన్ పార్టీ నాయకుడు, ఈ పొత్తు వెనక ఉన్న బుర్రల్లో ఒకటి. రెడ్డి గారి దగ్గరికి మళ్ళీ వద్దాం.

గెలిచిన రెండు వారాల్లోపే 'తౌకేయి ఉద్యమం' మొదలయింది. తౌకేయి అంటే నేలకి సొంతదారు అని. సువా వీధుల్లో ఊరేగింపులు, పడమట రోడ్లకి అడ్డంగా దిమ్మెలు, ఇండియన్ల ఆఫీసుల మీద పెట్రోలు బాంబులు. వాళ్ళ నినాదం ఒక్కటే: ఇండియన్లు మన భూమి లాక్కుంటారు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి, మన ఫీల్డువాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. 1970 రాజ్యాంగంలో భూమి చట్టాలకి తాళం వేసి ఉంది. వాటిని మార్చాలంటే రెండు సభల్లోనూ మూడొంతుల మెజారిటీ కావాలి, దానికి తోడు సెనేట్‌లో 'గ్రేట్ కౌన్సిల్ ఆఫ్ చీఫ్స్' పంపిన ఎనిమిది మందిలో ఆరుగురు ఒప్పుకోవాలి. అంటే బవాద్ర ప్రభుత్వం కావాలన్నా ఒక్క సెంటు భూమి ముట్టుకోలేదు. రైట్ పర్మిషనే లేదు. కానీ భయానికి రాజ్యాంగం చదివే ఓపిక ఉండదు కదా. అసలు పదవి పోయిన పెద్దలకి ఆ భయం అవసరం కూడా.

మే 14, గురువారం, పొద్దున్న పది గంటలు. సభ నడుస్తోంది. సైన్యంలో మూడో స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రబూకా మామూలు బట్టల్లో సందర్శకుల గాలరీలో కూర్చుని ఉన్నాడు. గాస్ మాస్కులు వేసుకున్న పది మంది సైనికులు లోపలికొచ్చారు. ప్రధానినీ అధికార పక్షం సభ్యులనీ బయటికి నడిపించి, లారీలెక్కించి బారక్సుకి తీసుకెళ్ళారు. తుపాకి పేలలేదు. లియోనిడాస్ వచ్చి అప్పటికి సరిగ్గా 108 ఏళ్ళు, తారీఖుతో సహా. ఇంకో విషయం: ఈ రబూకా 1979లో మన నీలగిరుల్లో, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో చదువుకున్నాడు.

బందీల్లో ఇండియన్ సభ్యులనీ స్థానిక సభ్యులనీ తర్వాత వేరు చేసి వేరే వేరే ఇళ్ళల్లో పెట్టారు. ఒకే పార్టీ, ఒకే పొత్తు, అయినా లెక్క జాతిదే. 19వ తారీఖున నాది విమానాశ్రయంలో ఇంధనం నింపే ఉద్యోగి ఒకడు డైనమైట్‌తో ఎయిర్ న్యూజిలాండ్ జంబో జెట్ కాక్‌పిట్‌లోకి ఎక్కి, బవాద్రని వదిలిపెట్టమన్నాడు. గంటల తరబడి మాటలు సాగాక ఫ్లైట్ ఇంజనీరు విస్కీ సీసాతో నెత్తిమీద ఒకటిచ్చాడు, హైజాక్ ముగిసింది. సినిమాలో పెడితే నమ్మరు. ఆ రాత్రే బందీలని వదిలేశారు, హైజాక్ వల్ల కాదు, గవర్నర్ జనరల్‌తో జరిగిన బేరాల వల్ల.

ఇక్కడ నాకు ఎప్పుడూ 1984 ఆగస్టు గుర్తొస్తుంది. అప్పుడు మన దగ్గర గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి.ఆర్.ని దించేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టాడు. నెల రోజుల గొడవ. ఎమ్మెల్యేలని కర్ణాటకలో దాచటం, ఢిల్లీలో రాష్ట్రపతి ముందు హాజరు, ఊరూరా బందులు. సెప్టెంబర్ 16న ఎన్.టి.ఆర్. మళ్ళీ ముఖ్యమంత్రి. ఆ విజయాన్ని మనం తెలుగువాడి పౌరుషం ఖాతాలో వేస్తాం. పౌరుషం ఉంది, కాదనను. కానీ సికింద్రాబాదులో అంత పెద్ద కంటోన్మెంటు ఉండి కూడా ఆ నెల రోజులూ అందులోంచి ఒక్క లారీ రాజకీయం కోసం బయటికి రాలేదు, అది మనకి లెక్కలోకే రాదు. బవాద్రకి కూడా మెజారిటీ ఉంది, జనం ఉన్నారు. పడమటి జిల్లాల్లో ఇండియన్ రైతులు చెరకు నరకం అని భీష్మించుకున్నారు. దేశానికి డాలర్లు తెచ్చేది చెరకే, వాళ్ళ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం అది. అయితే కోతకొచ్చిన చెరకు పొలంలో ఎండితే ముందు పోయేది ఎవరి డబ్బు? రైతుదే. కౌలు కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. చివరికి కత్తులు పట్టక తప్పలేదు.

సెప్టెంబర్ 23న ఒక చిన్న ఆశ. గవర్నర్ జనరల్ రాతూ సర్ పెనాయా గనిలావు మధ్యవర్తిత్వంలో బవాద్ర, మారా కూర్చుని రెండు పక్షాలూ కలిసి ప్రభుత్వం నడుపుదాం అని ఒప్పుకున్నారు. దెయుబా ఒప్పందం అంటారు. రెండంటే రెండు రోజులు. 25న రబూకా మళ్ళీ దిగాడు. అక్టోబర్ మొదటి వారంలో దేశాన్ని రిపబ్లిక్ అన్నాడు. రాణి పోయింది, వాంకూవర్ సమావేశంలో కామన్వెల్త్ సభ్యత్వం పోయింది. రూపాయికి అక్కడి వెర్షన్ అయిన ఫిజీ డాలర్ విలువ ఆ ఏడాది రెండుసార్లు తగ్గించారు, మొత్తం మీద మూడో వంతు. 'ఫిజీ సన్' పత్రిక సెన్సారు కింద అచ్చు వెయ్యం అని మూసుకుంది. ఆదివారం పని చెయ్యకూడదు, ఆటలాడకూడదు, బస్సు తిప్పకూడదు అని డిక్రీ. సగం జనాభా క్రైస్తవులు కాని దేశంలో! డిసెంబర్ 5న గనిలావు ప్రెసిడెంటయ్యాడు. ప్రధానమంత్రి ఎవరనుకుంటున్నారు? మారాయే. ఏప్రిల్‌లో జనం దించిన మనిషి డిసెంబర్‌కి మళ్ళీ అదే కుర్చీలో.

1990లో రాజ్యాంగం కూడా మార్చేశారు. 70 సీట్లలో 37 స్థానికులకి, 27 ఇండియన్లకి. ప్రధాని పదవి స్థానికులకే. బవాద్ర అది చూడలేదు, 1989 నవంబర్‌లో కాన్సర్‌తో పోయాడు.

ఇక జనం సంగతి. రంగం పోయిన మన తెలుగువాళ్ళు, అదే బర్మా, 1942లో కాలినడకనైనా వెనక్కి రాగలిగారు, ఎందుకంటే వెనక ఒక ఊరుంది. ఫిజీవాళ్ళకి అది లేదు. నాలుగు తరాలైంది, ఊరి పేరు తెలిసినా ఊరికి వీళ్ళు తెలియరు. అంచేత వెనక్కి రాలేదు, ముందుకి వెళ్ళారు: ఆక్లండ్, సిడ్నీ, వాంకూవర్, కాలిఫోర్నియా. ఎవరు వెళ్ళగలరు? డాక్టర్లు, టీచర్లు, అకౌంటెంట్లు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు. ఆంధ్ర సంఘం బళ్ళలాంటి బళ్ళల్లో చెరకు డబ్బుతో చదువుకున్నవాళ్ళే వీసా దొరికినవాళ్ళు. కౌలు రైతు అక్కడే ఉండిపోయాడు, 1997 నుంచి కౌళ్ళ గడువులు కూడా తీరిపోవటం మొదలయింది. 1986 లెక్కల్లో ఇండియన్లు 48.7 శాతం, 3,48,704 మంది. 2007కి 37.5 శాతం, 3,13,798 మంది. ఇరవయ్యేళ్ళలో దేశ జనాభా పెరిగింది, వీళ్ళ సంఖ్య తగ్గింది. తుపాకి పేలకుండానే.

అందరూ వెళ్ళిపోతున్న ఆ రోజుల్లో జైరామ్ రెడ్డి వెళ్ళలేదు. ఆయనకి న్యూజిలాండ్‌లో చదువుంది, వృత్తి ఉంది, విమానం ఎక్కటం చిటికెలో పని. ఉండిపోయి, 1990ల్లో ప్రతిపక్ష నాయకుడిగా, అప్పటికి ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన అదే రబూకాతో ఎదురెదురుగా కూర్చున్నాడు. తనున్న ప్రభుత్వాన్ని తుపాకితో కూల్చిన మనిషితో! ఇద్దరూ కలిసి 1997లో జాతి కట్టు తీసేసిన కొత్త రాజ్యాంగం తెచ్చారు. ఇప్పుడు ఇండియన్ కూడా ప్రధాని కావచ్చు. ఆ ఏడాది జూన్‌లో గ్రేట్ కౌన్సిల్ ఆఫ్ చీఫ్స్‌లో మాట్లాడిన మొదటి ఇండియన్ నాయకుడు రెడ్డి. 1987లో ఏ పెద్దల పేరు చెప్పి కుట్ర చేశారో ఆ పెద్దల సభలోనే. ఫిజీ ముఖ్యమా, తన జాతి ముఖ్యమా అన్న ప్రశ్నని ఆయన ప్రశ్నగానే ఒప్పుకోలేదు. మన పాత వలసల చరిత్రలో ఇంత ఎత్తున్న మనిషి పేరు ఇక్కడ పదిమందికి కూడా తెలియకపోవటం నాకు కష్టంగా ఉంటుంది. ఆటాలకీ తానాలకీ మనం పిలిచిన హీరోయిన్ల జాబితా మాత్రం ఎవర్నడిగినా చెప్తారు.

దానికి జనం ఇచ్చిన బహుమతి? 1999 ఎన్నికల్లో రబూకాతో చెయ్యి కలిపినందుకు నేషనల్ ఫెడరేషన్ పార్టీకి సున్నా సీట్లు. ఇండియన్లు మహేంద్ర చౌదరి లేబర్ పార్టీకి వేశారు. చౌదరి మొదటి ఇండియన్ ప్రధాని అయ్యాడు, రెడ్డి తెచ్చిన రాజ్యాంగం వల్లే. సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న, జార్జ్ స్పైట్ అనేవాడు తుపాకులతో పార్లమెంటులో జొరబడి చౌదరిని 56 రోజులు బందీగా ఉంచాడు. మళ్ళీ విమానాశ్రయంలో క్యూలు. 2006లో ఇంకో కుట్ర, ఈసారి బైనిమరామా. ఆయన 2013 రాజ్యాంగంతో జాతి సీట్లన్నీ ఎత్తేశాడు. తుపాకితో వచ్చినవాడు సమాన ఓటు ఇవ్వటం, ఓటుతో వచ్చినవాళ్ళు ఇవ్వలేకపోవటం, దీన్ని ఎటు పెట్టాలో ఇప్పటికీ నాకు తేలదు.

రెడ్డి తర్వాత రువాండా మారణకాండ నేరాలని విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో జడ్జిగా చేశాడు. 2022 ఆగస్టులో పోయాడు. ఆ డిసెంబర్‌లోనే ఎన్నికల తర్వాత కూటమి ప్రభుత్వంతో రబూకా మళ్ళీ ప్రధాని అయ్యాడు. అందులో నేషనల్ ఫెడరేషన్ పార్టీ భాగస్వామి. గిర్మిట్ దినాన్ని జాతీయ సెలవు చేశారు. 2023 మే 14న, సువాలో మెథడిస్టు చర్చి పెట్టిన సభలో, రబూకా గిర్మిటియాల వారసుల ముందు నిలబడి 1987కి క్షమాపణ అడిగాడు.